ఈశాన్యం మూల, పదిహేనంగుళాల స్పీకరు

(ఒంగోలులో కర్నూలు రోడ్డు వెనక ఒక డాబా ఇల్లు. మాల్యాద్రి కరెంటాఫీసులో చేసి రిటైరయ్యాడు. కామాక్షి పుట్టిల్లు కావలి దగ్గర పల్లె, వాళ్ల నాన్న టూరింగ్ టాకీసులో ఆపరేటరు. నేను పై వాటాలో అద్దెకుంటాను. మెట్ల పక్క కిటికీ వాళ్లు మూయరు. నేనూ మూయను.)

కామాక్షి: టేపు పట్టుకుని గది కొలుస్తున్నారేంది? అమ్మేస్తున్నామా?

మాల్యాద్రి: అమ్మడం కాదే, కొనడం. ఈ వెనక గదిని పాటల గది చేస్తున్నా. పొడవు పద్నాలుగు, వెడల్పు పదకొండున్నర.

కామాక్షి: మరి మా పుట్టింటి మొలగొలుకుల బియ్యం మూటలు యాడ పెట్టేది? ఈ పరుపులూ? పండక్కి వస్తే మీ చెల్లెళ్లు ఎక్కడ పడుకునేది?

మాల్యాద్రి: స్పీకర్ల మధ్య పడుకుంటారు.

కామాక్షి: అయితే రారు. సరే, కొనండి.

మాల్యాద్రి: నిజంగానా!

కామాక్షి: ముందు ఏం కొంటున్నారో చెప్పండి. అబ్బాయి తెచ్చిన బ్లూటూత్ డబ్బా ఉంది కదా. దాంట్లో పాటలు రావట్లేదా?

మాల్యాద్రి: పాట వస్తుంది. పాడినాయన రాడు. ఆయన ఎదురుగా నిలబడి పాడినట్టు ఉండాలంటే పాతకాలం పెద్ద స్పీకర్లే కావాలి. ఇది చూడు, క్లిప్‌షార్న్. అమెరికాలో హోప్ అనే చిన్న ఊళ్లో పాల్ క్లిప్ష్ అనే ఇంజనీరు 1946లో కంపెనీ పెట్టి మొదలుపెట్టాడు. ఇప్పటికీ తయారు చేస్తూనే ఉన్నారు.

కామాక్షి: దీనికి వెనక చెక్క ఏది?

మాల్యాద్రి: పాతవాటికి ఉండదు. అదే దాని గొప్పతనం. లోపల బాకాని మడతలు మడతలుగా పెట్టాడు. దాని నోరు మాత్రం మన గది మూలే. రెండు గోడలూ కలిసి బాకా అవుతాయి. అందుకే మూలకి ఆనించి పెట్టాలి. గది మధ్యలో పెడితే దరువు సగం పోతుంది.

కామాక్షి: రెండు స్పీకర్లంటే రెండు మూలలు. ఏ రెండు?

మాల్యాద్రి: దక్షిణం గోడకి...

కామాక్షి: ఆగ్నేయంలో తలుపుంది.

మాల్యాద్రి: పడమర గోడ.

కామాక్షి: వాయవ్యంలో బాత్రూం. ఆ మూలన పెడితే స్నానానికి స్పీకరు మీదుగా దూకి పోవాల.

మాల్యాద్రి: అయితే తూర్పు గోడ.

కామాక్షి: తూర్పున పెట్టినా ఉత్తరాన పెట్టినా ఒకటి ఈశాన్యంలోకి వస్తుంది. బరువెంత?

మాల్యాద్రి (గొణుగుతూ): డెబ్బై అయిదు కిలోల పైచిలుకు.

కామాక్షి: ఈశాన్యంలో డెబ్బై అయిదు కిలోలు! ఆ మూలన చీపురు పెడితేనే మీ అమ్మ మూడు రోజులు మాట్లాడలేదు నాతో. ఆ క్లిప్ష్ గారికి వాస్తు తెలీదు. పక్కన పెట్టండి.

(వాస్తు సంగతి నాకు తెలియదు గానీ, ఇందులో కామాక్షి గారిదే పైచేయి. ఖాళీ మూలలు రెండు లేని గదిలో ఆ స్పీకరుకి పని లేదు. మన ఇళ్లలో తలుపు లేని మూల దొరకాలంటే ఇల్లు కట్టేటప్పుడే పాటలు వినాలి.)

మాల్యాద్రి: సరే, మూల అక్కర్లేనిది. ఆల్టెక్ ఎ7. 'వాయిస్ ఆఫ్ ద థియేటర్' అనేవాళ్లు. అమెరికా సినిమా హాళ్లలో తెర వెనక ఇవే ఉండేవి. మద్రాసులో ఒకాయన దగ్గర ఒక జత ఉందంట.

కామాక్షి: ఎత్తెంత?

మాల్యాద్రి: నలభై రెండంగుళాలు. వెడల్పు ముప్పై, లోతు ఇరవై నాలుగు. కింద పదిహేనంగుళాల ఊఫరు, అంటే దరువు పలికే పెద్ద స్పీకరు, దానిపైన అల్యూమినియం బాకా.

కామాక్షి: దాని మాట నాకు చెప్పకండి. మా నాన్న హాల్లో తెర వెనక పెట్టె చాటునే నేను హోంవర్కు చేసుకున్నా. తెరకి చిన్న చిన్న చిల్లులు ఎందుకుంటాయో తెలుసా మీకు?

మాల్యాద్రి: పాత తెర కాబట్టి.

కామాక్షి: శబ్దం బయటికి రావడానికి! కరెంటాఫీసులో ముప్పై ఏళ్లు ఏం చేశారో. ఇప్పుడు నేలలో, తెర ముందు మొదటి వరసలో కూర్చున్నోళ్ల సంగతి చెప్తా వినండి. మాటలు నెత్తి మీద నుంచి పోయేవి, దరువు వచ్చి పొట్టలో తగిలేది. ఒక మనిషే మాట్లాడుతున్నాడు, రెండు చోట్ల నుంచి. వెనక కుర్చీ టికెట్టుకి పోతే రెండూ కలిసి ఒకే గొంతయ్యేది. ఆ పెట్టె కుర్చీ టికెట్టు కోసం చేసింది. మన పద్నాలుగడుగుల గదిలో ఎక్కడ కూర్చున్నా నేల టికెట్టే.

(మాల్యాద్రి గారు ఇక్కడ కాసేపు ఏమీ అనలేదు. అనడానికేమీ లేదు కూడా. పైనొక స్పీకరు, కింద ఒక స్పీకరు ఉంటే ఆ రెండిటి శబ్దం కలవడానికి దూరం కావాలి. ఇది పుస్తకాల్లో చదువుకున్న మాట. ఆమె నేల మీద కూర్చుని నేర్చుకుంది.)

మాల్యాద్రి: అది కాదే. ఈ బాకా స్పీకర్లతో కరెంటు ఎంత ఆదానో తెలుసా? మామూలు స్పీకరుకి ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో 88 డెసిబెల్స్ పలుకుతుంది. ఇవి వంద. మూడు డెసిబెల్స్ పెరగాలంటే కరెంటు రెట్టింపు కావాలి. తేడా పన్నెండు. అంటే పదహారు రెట్లు! అది పదహారు వాట్లు తినే చోట ఇది ఒక్క వాటుతో సరి.

కామాక్షి: రోజుకి మూడు గంటలు వింటే నెలకి ఎన్ని యూనిట్లు మిగులుతాయి?

మాల్యాద్రి: ఆగు. పదిహేను వాట్లు, మూడు గంటలు, ముప్పై రోజులు... యూనిట్టున్నర కూడా లేదు.

కామాక్షి: నెలకి యూనిట్టున్నర చొప్పున స్పీకర్ల డబ్బు రాబట్టే సరికి మన మనవడు రిటైరవుతాడు.

మాల్యాద్రి: మనకింకా మనవడే పుట్టలేదు.

కామాక్షి: అదే నేను చెప్పేది. ఇంకేమున్నాయి ఆ ఫోన్లో?

మాల్యాద్రి: జేబీఎల్ ఎల్100. 1970లో వచ్చింది. స్టూడియో స్పీకరుని ఇంటికి తగ్గట్టు చేశారు. దీని కంపెనీ పెట్టిన లాన్సింగ్ అనే ఆయన పేరే ఆ ఆల్టెక్ లాన్సింగ్‌లో కూడా ఉంది. 1946లో అక్కడి నుంచి బయటికొచ్చి సొంతంగా పెట్టుకున్నాడు.

కామాక్షి: వేరు కాపురమా! ఈయన నాకు నచ్చాడు. ఆ నారింజ రంగు ముందు పలకేంది, గళ్లు గళ్లుగా బాగుంది. మన సోఫా కవర్లకి సరిపోతుంది.

మాల్యాద్రి: అది స్పాంజి. ఇన్నేళ్లకి పొడిగా రాలిపోయుంటుంది. పైగా ఊఫరు పన్నెండంగుళాలే. నాకు పదిహేను కావాలి.

కామాక్షి: ఎందుకు?

మాల్యాద్రి: ఎందుకంటే పదిహేను కాబట్టి.

(దీని మీద వాళ్లు చాలాసేపు పోట్లాడుకున్నారు. రాయదగ్గ మాటలు లేవు.)

మాల్యాద్రి: ఆఖరుది. ఇంగ్లండు సరుకు, టన్నాయ్. దీంట్లో పెద్దదీ చిన్నదీ వేరు వేరు చోట్ల ఉండవు. ఊఫరు నడిమధ్యలో నుంచే సన్న శబ్దం బయటికొస్తుంది. 1947 నుంచి ఇదే పద్ధతి. నువ్వు చెప్పిన నేల టికెట్టు గొడవ లేదు, దగ్గర కూర్చున్నా ఒకే గొంతు. పదిహేనంగుళాలు!

కామాక్షి: ఇంతసేపూ దీన్ని ఎందుకు దాచారు?

మాల్యాద్రి: ముందు పెద్దవి చూపిస్తే ఇది చిన్నగా కనపడుతుందని.

కామాక్షి: పట్టుచీరల కొట్లో వాడు చేసేది ఇదే. సరే, తెప్పించండి. నచ్చితేనే డబ్బు.

(మర్నాడు మాల్యాద్రి గారు గది మొత్తం ఖాళీ చేశాడు. మూటలు వరండాలోకి, పరుపులు హాల్లోకి. తర్వాత గది మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టసాగాడు.)

కామాక్షి (వంటింట్లోంచి): గదిలో భజన పెట్టారేంది? ఎంతమంది వచ్చారు?

మాల్యాద్రి: నేనొక్కణ్ణే. ఒకసారి కొడితే టపటపమని పదిసార్లు వినపడుతోంది.

కామాక్షి: వినపడదా మరి! కింద చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు, పైన శ్లాబు, చుట్టూ నున్నటి గోడలు. శబ్దానికి కూర్చోడానికి చోటేది? మా నాన్నది డేరా హాలు. గుడ్డ గోడలు, ఇసక నేల. ఒక్క మాట రెండోసారి వినపడేది కాదు. తెచ్చిపెట్టండి నా పరుపులు.

మాల్యాద్రి: పాటల గదిలో పరుపులా?

కామాక్షి: రెండు వెనక గోడకి నిలబెట్టండి, రెండు పక్క గోడలకి. బొంతలు కింద పరవండి. మూటలు నైరుతిలోకి.

మాల్యాద్రి: అంటే గది మునుపటిలాగే అయింది కదే!

కామాక్షి: కాదు. ఇప్పుడు పరుపులు నిలబడుండాయి.

(స్పీకర్లు వచ్చిన రోజు ఇద్దరు హమాలీలు, ఒక ఆటో ట్రాలీ, వీధి సగం వచ్చి నిలబడింది. టన్నాయ్ వాళ్లు 1974లో తెచ్చిన హెచ్‌పీడీ రకం. ఒరిజినల్ కండిషన్ అని అమ్మే ఆయన చెప్పి పంపాడు. కామాక్షి గారు ముందు గుడ్డ ఊడదీసి ఊఫరు అంచు మీద చూపుడు వేలు పెట్టింది. వేలికి నల్లటి బంక పొడి అంటుకుంది.)

కామాక్షి: ఇది ఒరిజినలే. ఒరిజినల్ కాబట్టే పోయింది. ఆ రోజుల్లో అంచుకి వేసిన స్పాంజి ఇది. పాతిక ముప్పై ఏళ్లకే అయిపోతుంది. కోను, అదే లోపల కదిలే గిన్నె, బాగుంది. అంచు ఒక్కటే తీసి కొత్తది అతికించొచ్చు.

మాల్యాద్రి: పాట పెట్టి చూద్దామా? మెల్లగా.

(పెట్టారు. గొంతు బాగుంది. తబలా మాత్రం ఎక్కడికో పోయింది. పై వాటాలో ఉన్న నాకే తెలిసింది.)

మాల్యాద్రి: పదిహేనంగుళాలు పెట్టి ఇదేనా దరువు! మోసపోయాం కామాక్షీ!

కామాక్షి: గోడ గడియారంలో సెల్లు ఇలా ఇవ్వండి.

మాల్యాద్రి: టైము ఎందుకిప్పుడు?

కామాక్షి: ఇవ్వండి సామీ. ఆంప్లిఫయరు వైర్లు రెండిటికీ పీకేయండి. వెనక ఎర్ర స్క్రూకి సెల్లు ప్లస్, నల్లదానికి మైనస్. ఒకటిన్నర వోల్టే, ఏం కాదు. అలా తాకించి తీసేస్తా, మీరు ముందు నిలబడి కోను చూడండి. ఎటు పోయింది?

మాల్యాద్రి: టప్‌మని నా వైపుకి వచ్చింది.

కామాక్షి: రెండోదానికి?

మాల్యాద్రి: లోపలికి పోయింది!

కామాక్షి: ఎవరో రిపేరు చేసినాయన లోపల వైర్లు తిరగేశాడు. ఒకటి గాలిని తోస్తుంటే రెండోది లాగుతోంది. ఇంక దరువు ఎట్లా మిగులుతుంది? దీని వెనక ఎర్రదీ నల్లదీ మార్చి పెట్టండి.

(మార్చారు. నా వంటింట్లో స్టీలు గిన్నెలు ఒకదానికొకటి తగిలాయి.)

కామాక్షి (ఫోన్లో): అన్నా, ఒంగోలు నుంచి. సరుకు చేరింది... బాగుంది అని నేనన్నానా? రెండు అంచులూ పొడి, ఒకదాని వైరింగు తలకిందులు. వాపసు పంపిస్తా, లారీ ఖర్చు మీదే... ఏంది? ఎంత తగ్గిస్తావు?... అంచుల ఖర్చు కూడా తీసేసి చెప్పన్నా... ఆ, అయితే ఉండనీలే.

మాల్యాద్రి: ఆయన ఏడుస్తున్నాడా?

కామాక్షి: నన్ను వాళ్ల కొట్లో పనికి రమ్మంటున్నాడు.

(ఇక కుర్చీ. మాల్యాద్రి గారు మళ్లీ టేపు తీశాడు. రెండు స్పీకర్ల మధ్య దూరమెంతో ఒక్కోదాని నుంచి కుర్చీకి అంత దూరం. గది సరిగ్గా నడుమ కూర్చోకూడదు. పద్నాలుగడుగుల గదిలో 40 హెర్ట్జ్ దగ్గరి లోతు స్వరం గోడల వైపు గుమ్మని మోగి, నడిమధ్యలో మాయమవుతుంది. అందుకని కుర్చీని రెండడుగులు వెనక్కి జరిపాడు. ఇంకొంచెం ఎడమకి. సుద్దముక్కతో నాలుగు కాళ్ల చుట్టూ గీత గీశాడు.)

మాల్యాద్రి: ఇదీ చోటు. పాడే ఆయన సరిగ్గా మధ్యలో కనపడతాడు. స్టీరియోకి ఇలాంటి చోటు ఒక్కటే ఉంటుంది.

కామాక్షి: ఒక్కటేనా?

మాల్యాద్రి: ఒక్కటే. కాస్త పక్కకి జరిగినా ఆయన ఒక స్పీకరు వైపు పోతాడు.

కామాక్షి (కూర్చుంటూ): అవునండీ, నిజమే. మధ్యలోనే ఉన్నాడు.

మాల్యాద్రి: కామాక్షీ... అది నా...

కామాక్షి: ఇది కుర్చీ టికెట్టు. చాప వరండాలో ఉంది, తెచ్చుకోండి.

మాల్యాద్రి: పాతికేళ్లుగా కలగన్న గదిలో నాకు నేల టికెట్టా!

కామాక్షి: ఏమండీ, పైన ఆయనకి కూడా బాగా వినపడుతున్నట్టుంది, కిటికీలో తలకాయ కనపడుతోంది. వచ్చే నెల అద్దెలో బాల్కనీ టికెట్టు డబ్బులు కలిపి రాయండి.