కార్పెట్ తడిస్తే నాకి చూడమనే ఆ మెసేజ్‌ను ఇక పంపకండి

పాత కార్ల గురించిన ఆ మెసేజ్ మళ్లీ వచ్చింది. పంపేవాళ్లంతా నాకు కావలసినవాళ్లే, మంచికే పంపుతున్నారు, అయినా ఒక్కరూ దాన్ని చివరిదాకా చదివినట్టు లేరు. ముందు సీటు దగ్గర కార్పెట్ తడిస్తే అది ఏసీ నీళ్లా, హీటర్ కోర్ లీకా అని మెకానిక్ లేకుండా తేల్చుకోవడం ఎలా, లీకైతే ఇంట్లోనే ఆపుకోవడం ఎలా అన్నది విషయం. హీటర్ కోర్ అంటే డాష్‌బోర్డ్ వెనక ఉండే చిన్న రేడియేటర్ లాంటిది. ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, వేడిగా దాని గుండా తిరిగితేనే లోపలికి వేడి గాలి వస్తుంది. మొత్తం ఆరు చిట్కాలు. ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది: "ఏసీ వేసినప్పుడు కారు కింద నీళ్లు కారితే హీటర్ కోర్ పోయినట్టే." కాదు. ఏసీ వేస్తే గాలిలోని తేమ లోపల నీళ్లుగా మారుతుంది, డ్రెయిన్ ట్యూబ్ అనే గొట్టం ఉన్నది ఆ నీళ్లను కిందికి వదలడానికే. ఉక్కగా ఉన్న రోజున గంటసేపు ఏసీ నడిపినా కింద చుక్క పడకపోతే, అప్పుడు గొట్టం పూడుకుపోయిందేమోనని అనుమానించాలి. చలికాలంలో అద్దం మీది ఆవిరి పోగొట్టే డీఫ్రాస్ట్ నొక్కినా చాలా కార్లలో ఏసీ కంప్రెసర్ దానంతటదే నడుస్తుంది, అప్పుడూ కారుతుంది. దీని గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

రెండోది: "ఆ గొట్టంలోంచి పురుగులు లోపలికి వస్తాయి, గుడ్డ కుక్కి మూసేయండి." పురుగులు రావచ్చు, నిజమే. కానీ గొట్టం మూసేస్తే నీళ్లు ఆగవు కదా, డాష్‌బోర్డ్ కింది ఏసీ పెట్టె నిండి పొంగి కార్పెట్ మీదికే వస్తాయి. అసలు కార్పెట్ తడవడానికి ఎక్కువసార్లు కారణం దుమ్మూ ఆకులూ పట్టి ఈ గొట్టం పూడుకుపోవడమే. తడి కార్పెట్‌కు మందు చెప్తామంటూ కార్పెట్‌ను తడిపే పని చేయమంటున్నారు! పై నుంచి ఆరినట్టే కనిపిస్తుంది, కింది ఫోమ్ మాత్రం వారాల తరబడి నానుతూనే ఉంటుంది, ఫ్లోర్ తుప్పు పడుతుంది, అక్కడ వెళ్లే వైరింగ్ కనెక్టర్లు పాడవుతాయి. చేయాల్సింది కారు కింద నుంచి ఆ గొట్టంలోకి మెత్తటి నైలాన్ తీగ పంపి పూడిక తీయడం. ఇనుప తీగ వద్దు, ఏసీలో గాలిని చల్లబరిచే ఎవాపరేటర్‌కు పొరపాటున చిల్లు పడితే గ్యాసంతా పోతుంది. మొహం మాత్రం గొట్టం కింద పెట్టకండి, పూడిక కదిలితే నిలవ నీళ్లన్నీ ఒక్కసారే వస్తాయి.

నాకు నిజంగా కోపం తెప్పించేది మూడోది. "తడిని వేలితో అద్ది నాలుక మీద పెట్టుకోండి. తీయగా ఉంటే కూలెంట్, రుచి లేకపోతే ఏసీ నీళ్లు." రాసినవాళ్లకు అది తీయగా ఉంటుందని తెలుసు. మరి కూలెంట్‌లో ఉండే ఆ తీయటి ఇథిలీన్ గ్లైకాల్ విషమని ఎందుకు రాయలేదు? ఒంట్లోకి వెళ్లాక కాలేయం దాన్ని ఆమ్లాలుగా మారుస్తుంది, వాటిలో ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియంతో కలిసి స్ఫటికాలై కిడ్నీల్లో పేరుకుంటుంది. మొదట మద్యం తాగినవాళ్లలా తూలుతారు, ఒకటి నుంచి మూడు రోజుల్లో కిడ్నీలు దెబ్బతింటాయి. ఫోమెపిజోల్ అనే విరుగుడు ఉంది, కానీ ఆ ఆమ్లాలు తయారవకముందే అందితేనే దానితో పూర్తి మేలు. వేలి కొసకు అంటిన చుక్కతో పెద్దవాళ్లెవరూ చచ్చిపోరు, ఆ మాట ఒప్పుకుంటాను. నా భయం ఆ చుక్క గురించి కాదు. అమ్మో నాన్నో కారులో తడిని తీసి నోట్లో పెట్టుకోవడం చూసిన పిల్లలు మర్నాడు ఏం చేస్తారు? తియ్యగా తగిలినదాన్ని ఒక్క చుక్కతో ఆపుతారా? పిల్లికైతే నీళ్లు కలపని కూలెంట్ ఒకటి రెండు టీస్పూన్లు చాలు, ప్రాణం పోతుంది.

పోనీ ఆ పరీక్షైనా పనికొస్తుందా అంటే అదీ లేదు. సరిగ్గా ఈ ప్రమాదం వల్లే కొన్ని కూలెంట్లలో డినాటోనియం అనే భరించలేని చేదు పదార్థం కలుపుతారు. నాకినవాళ్లకు చేదు తగిలితే ఈ మెసేజ్ ప్రకారం అది కూలెంటూ కాదు, ఏసీ నీళ్లూ కాదు. ఇంకేమిటట?

నోటితో పని లేకుండా తేల్చుకోవచ్చు. తెల్ల టిష్యూ కాగితాన్ని తడి మీద గట్టిగా ఒత్తి చూడండి. ఆకుపచ్చ, గులాబీ, నారింజ, నీలం, ఇలాంటి రంగు ఛాయ తేలితే కూలెంట్‌నే అనుమానించాలి. రంగు తెలియకపోతే కాగితాన్ని రాత్రంతా వదిలేయండి. నీళ్లైతే తెల్లారేసరికి ఆరిపోతాయి. గ్లైకాల్ 197 డిగ్రీల దగ్గర గానీ మరగదు, అంత తొందరగా ఆవిరి కాదు, కాగితం జిడ్డుగానే ఉంటుంది. బ్లోవర్ వేయగానే తియ్యటి వాసన, ముందు అద్దం లోపలివైపు ఎంత తుడిచినా మళ్లీ పట్టే జిడ్డు పొర, కూలెంట్ రిజర్వాయర్‌లో మట్టం తగ్గుతూ పోవడం, ఇవన్నీ కలిస్తే హీటర్ కోరే. వాన పడ్డ రోజే తడుస్తుంటే ఈ రెండూ కాదు, అద్దం చుట్టూ ఉన్న రబ్బరో సన్‌రూఫ్ డ్రెయినో చూసుకోవాలి.

నాలుగోది: "ఇంజిన్ వేడిగా ఉండగానే రేడియేటర్ మూత తీసి గుడ్డు తెల్లసొన పోయండి, లీకు మూసుకుపోతుంది." వేడి మీద మూత తీయమని ఎవరైనా ఎలా రాస్తారు? మూత పట్టి ఉంచే 15 పీఎస్ఐ ఒత్తిడిలో మామూలు నీళ్లు కూడా దాదాపు 121 డిగ్రీల దాకా మరగవు. మూత తిప్పగానే ఆ ఒత్తిడి పోయి లోపలిదంతా ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. ఇక తెల్లసొనకు లీకెక్కడుందో తెలీదు. ఉడికిన ముక్కలు దారి ఎక్కడ సన్నగా ఉంటే అక్కడ ఇరుక్కుంటాయి, ఆ సన్నటి దారులు ఎక్కువగా ఉన్నది హీటర్ కోర్‌లోనే. లీకు ఆగుతుందో లేదో గానీ కోర్ పూడుకుపోతుంది, తర్వాత రేడియేటర్ వంతు.

"కూలెంట్ దండగ, మామూలు నీళ్లు చాలు" అన్నది ఐదోది. వేడిని మోయడంలో నీళ్లే మేలు, ఆ ముక్క నిజం. కానీ తుప్పును ఆపే రసాయనాలు నీళ్లలో ఉండవు, హీటర్ కోర్‌కు చిల్లు పడేది ఆ తుప్పు వల్లే.

చివరిది చూసి ఆశ్చర్యపోయాను, ఎందుకంటే అది చాలావరకు సరైనదే. "హీటర్‌కు వెళ్లే రెండు హోసులనూ ఒకదానికొకటి కలిపేయండి." అప్పుడు కూలెంట్ కోర్‌లోకి వెళ్లకుండానే తిరిగిపోతుంది. చాలా కార్లలో కోర్ మార్చాలంటే డాష్‌బోర్డ్ మొత్తం విప్పాలి, అది ఒక్క పూటలో తేలే పని కాదు. కూలెంట్ లోపలికి రాకుండా ఇవాళే ఆగాలంటే ఇదే దారి, నేనైనా ఇదే చేస్తాను. అయితే హోసులను కలపాలి, విడివిడిగా బిరడా కొట్టి మూయకూడదు. కొన్ని ఇంజిన్లలో, వేడెక్కాక రేడియేటర్‌కు దారి తెరిచే థర్మోస్టాట్ తెరుచుకునేలోపు వేడి కూలెంట్ తిరిగే దారి హీటర్ మీదుగానే ఉంటుంది, దాన్ని మూసేస్తే థర్మోస్టాట్‌కు వేడి సరిగ్గా తగలక ఇంజిన్ ఓవర్‌హీట్ అవుతుంది. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ చూసి, ఇంజిన్ పూర్తిగా చల్లారాకే హోసుల మీద చెయ్యి వేయండి. ఇలా ఎప్పటికీ నడపొచ్చని మెసేజ్ అంటోంది, అది మాత్రం కుదరదు. గడ్డకట్టే చలిలో చాలా కార్లలో ఏసీ కంప్రెసర్ పనిచేయదు, వేడి గాలీ లేకపోతే అద్దానికి పట్టిన మంచు పోయే దారే లేదు.

హోసులు కలిపాక కూలెంట్ నింపి, చిక్కుకున్న గాలి పోనిచ్చి, టెంపరేచర్ ముల్లు చూసుకుంటూ నడపండి. కార్పెట్ ఎత్తి కింది ఫోమ్ బయటికి తీయండి. అందులో నానిన గ్లైకాల్ ఎండలో వేసినంత మాత్రాన పోదు, నీళ్లతో బాగా కడగాలి, ఆ నీళ్లు పిల్లలకూ పెంపుడు జంతువులకూ అందేచోట నిలవకుండా చూసుకోండి.