పద్దెనిమిది మెట్ల దూరం

హన్మకొండలో మా ఇంటికి రెండు అంతస్తులు, రెండు కరెంటు మీటర్లు, రెండు ఇంటర్నెట్ కనెక్షన్లు. కింద నేను, పైన మా తమ్ముడు. మధ్యలో పద్దెనిమిది మెట్లు. పంపకాల్లో పంచుకోకుండా మిగిలింది మా అవ్వ ఒక్కతే. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేదు కాబట్టి కిందే ఉంటుంది. పైవాళ్లకు ఏదన్నా పంపాలంటే వాకిట్లో నిలబడి కేకేస్తుంది. మరదలు బాల్కనీ నుంచి తాడు కట్టిన బుట్ట దించుతుంది. పచ్చిపులుసు గిన్నె కూడా చుక్క ఒలకకుండా పైకి పోతుంది.

మొన్న తమ్ముడి బిడ్డ పెళ్లయింది. ఫొటోలు తీసినాయన వచ్చి మొత్తం 210 జీబీ తమ్ముడి కంప్యూటర్‌లో ఎక్కించి పోయాడు. పెళ్లి కంటే ముందు షూటింగే ఎక్కువ. ఖిలా వరంగల్ తోరణాల ముందు నాలుగు చీరలు మార్చారు. లక్నవరం వేలాడే వంతెన మీద పెళ్లికొడుకును తొమ్మిదిసార్లు ఉరికించారు. అదంతా మా ఆవిడకు అక్కర్లేదు. తను కట్టిన కొత్త పట్టుచీర ఎన్ని ఫొటోల్లో పడిందో, మరదలి చీర ఎన్నింట్లో పడిందో లెక్క తేలాలి. పైకి పోయి చూడొచ్చు కదా అంటే, "వాళ్లింట్ల కూసోని లెక్కవెడతార ఎవలన్న?" అంది. నిజమే.

"ఒక హార్డ్ డిస్క్ కొనరాదు?" అని కూడా అంది. పద్దెనిమిది మెట్ల కోసం నాలుగైదు వేలా? నా ప్రాణం ఒప్పలేదు.

ఇంట్లో ఉన్న 32 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకొని పైకెక్కాను. పెళ్లి వీడియోలు ఒక్కొక్కటీ 9 జీబీ. జాగా ఖాళీగా ఉన్నా పెన్‌డ్రైవ్ పట్టనంది. దాని ఫార్మాట్ పాతది, ఫ్యాట్32. ఒక్క ఫైలు 4 జీబీ దాటితే అది తీసుకోదు. పోనీ నెట్‌లో పంపుదామంటే తమ్ముడి కనెక్షన్ అప్‌లోడ్ వేగం 40 ఎంబీపీఎస్, అంటే సెకనుకు 5 ఎంబీ. లెక్కేస్తే ఎక్కించడానికే దాదాపు 12 గంటలు. అంతా ఎక్కడో ఉన్న సర్వర్ దాకా పోయి, మళ్లీ మా గల్లీకే రావాలి. కాజీపేట పోవడానికి హైదరాబాద్ మీదుగా టికెట్ తీసుకున్నట్టు.

అప్పుడొచ్చింది నాకు ఆలోచన. పైన ఒక రౌటర్, కింద ఒక రౌటర్. రెండింటికీ వెనక ఖాళీ పోర్టులున్నాయి. ఇందులోంచి అందులోకి ఒక వైరు గుంజితే సరి. చౌరస్తాలో 20 మీటర్ల లాన్ కేబుల్ కొనుక్కొచ్చి బాల్కనీ నుంచి వేలాడదీశాను.

"గా తీగేందిర కొడుకా?" అంది అవ్వ.

"పైనున్న ఫొటోలు కిందికి తెస్తున్ననే."

"బుట్ట లేదా?"

నేనూ, తమ్ముడి కొడుకూ ఒకర్నొకరు చూసుకొని నవ్వుకున్నాం. వాడు డిగ్రీ. "పెద్దబాపూ, ఎవర్నన్న అడిగి పెడదామా?" అన్నాడు. "ఏమైతదిరా, పైపుకు పైపు కలుపుడే గద" అని గుచ్చేశాను.

ఐదు నిమిషాలు ఏమీ కాలేదు. తర్వాత కింద మా ఆవిడ సీరియల్లో అత్త చెయ్యి లేపి అట్లాగే ఆగిపోయింది. పైన తమ్ముడు ఆఫీసు మీటింగులో "వినపడుతుందా, వినపడుతుందా" అని అరవడం కింద నాకు బాగానే వినపడింది.

వైరు మీద ఎవరికీ అనుమానం రాలేదు. నాకు రాలేదు అనను, పైకి అనలేదు. తమ్ముడు వాళ్ల కంపెనీకి ఫోన్ చేశాడు, నేను మా కంపెనీకి. రెండు చోట్లా ఒకటే మాట, ఆపి ఆన్ చేయండి సార్ అని. ఆన్ చేసినప్పుడల్లా రెండు నిమిషాలు బాగుండేది, మళ్లీ అత్త ఆగిపోయేది.

మర్నాడు పొద్దున రెండు కంపెనీల పిల్లగాళ్లు ఒకేసారి దిగారు. వేర్వేరు రంగుల టీషర్టులు. ఒకడు కింది రౌటర్ చూశాడు, ఒకడు పైది. ఇద్దరికీ సంబంధం లేని ఒక వైరు కనపడింది. దాన్ని పట్టుకొని ఒకడు పైకి, ఒకడు కిందికి బయల్దేరి సరిగ్గా మెట్ల మధ్యలో ఎదురుపడ్డారు.

"ఇది మీ వైరా అన్నా?"

"మీది కాదా?"

ఇద్దరూ కలిసి నా దిక్కు చూశారు. నేను వేపచెట్టు దిక్కు చూశాను.

పై అంతస్తు పిల్లగాడు నిదానంగా చెప్పాడు. నెట్‌కు తగిలించిన ప్రతిదానికీ అడ్రసులాగా ఒక నంబరుంటుంది. వాటిలో 192.168 తో మొదలయ్యేవి బయట ఇంటర్నెట్‌లో చెల్లవు, ఇంటి లోపలి వాడకానికని 1990లలోనే వదిలేశారు. అందుకే ఏ ఇంటి రౌటర్ చూసినా చాలామటుకు అదే వరుసలో ఉంటుంది. ప్రతి ఇంట్లో ఒక చిన్నోడు ఉన్నట్టు. ఎవరింట్లో వాళ్లు పిలుచుకున్నంతసేపు గొడవ లేదు. మా రెండు రౌటర్ల నంబరూ 192.168.1.1 అట. నేను గోడ తీసేసినట్టు వైరు కలిపేసరికి, "చిన్నోడా" అంటే ఇద్దరు పలికారు. పైగా ఫోన్లకు, టీవీలకు నంబర్లు పంచేది కూడా రౌటరే. ఇద్దరు మేనమామలు ఒకే బంతిలో కుర్చీలు చూపించినట్టు, మా టీవీకీ తమ్ముడి లాప్‌టాప్‌కూ ఒకటే కుర్చీ చూపించారు.

"రౌటర్లను కలపకుండ్రి సార్. కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కే వైరు పెట్టుండ్రి. ఎవరి నెట్ వాళ్లకు వైఫైలనే ఉంటది" అన్నాడు. వైరు ఉన్న దారికి మాత్రం వేరే వరుస నంబర్లు చేత్తో కొట్టాలి. పైదానికి 10.0.0.1, కిందిదానికి 10.0.0.2. గేట్‌వే అన్న గడి ఖాళీగా వదిలేయాలి, లేకపోతే కంప్యూటర్ ఈ వైర్లోంచే ఇంటర్నెట్‌కు పోవాలని చూస్తుంది.

సాయంత్రం మావాడు అన్నీ సెట్ చేశాడు. కంప్యూటర్‌కు కాపలా ఉండే ఫైర్‌వాల్ కాసేపు సతాయించింది. చివరికి నా స్క్రీన్ మీద తమ్ముడి కంప్యూటర్ కనపడి, పాస్‌వర్డ్ అడిగింది.

"బాపూ, పాస్‌వర్డ్ ఎంత?" మావాడు కింది నుంచి అరిచాడు.

బాల్కనీలో తమ్ముడు నీళ్లు నమిలాడు. "నేనే వచ్చి కొడతా" అన్నాడు. మీటింగు పిలుపు రావడంతో తప్పక, గొంతు తగ్గించి ఒక నంబరు చెప్పాడు. ఆరు అంకెలు. ఎక్కడో విన్నట్టే ఉంది. మా ఆవిడ నా మొహం చూశాకగానీ వెలగలేదు. పంపకాలప్పుడు నేను తమ్ముడికి ఇంకా ఇయ్యాల్సిన పైసలు అవి. పూటకోసారి కొట్టుకుంటున్నాడన్నమాట.

ఫొటోలు దిగడం మొదలైంది. సెకనుకు 100 ఎంబీ పైనే. కంప్యూటర్ 35 నిమిషాలంది, తర్వాత 2 గంటలంది, మళ్లీ 40 నిమిషాలంది. మా ఆవిడ పెన్నూ కాగితమూ పట్టుకొని కూర్చుంది. మూడొంతుల్లో ఒక వంతు అయ్యిందో లేదో, బయట ధబ్‌మని చప్పుడు.

మా వాడలో కోతుల సంగతి కొత్తగా చెప్పేదేముంది. వేపచెట్టు మీది నుంచి ఒకటి బాల్కనీకి దూకుతూ మధ్యలో నా కేబుల్‌ను ఆసరా చేసుకుంది. బరువైన కోతి. కేబుల్ ఒక దిక్కు, దాని మూతి ప్లాస్టిక్ ముక్క ఒక దిక్కు. ఆ మూతి మళ్లీ బిగించాలంటే లోపలి ఎనిమిది తీగలను రంగుల వరుస తప్పకుండా పేర్చి, కటింగ్ ప్లేయర్‌లాంటి దాంతో నొక్కాలట. అది మా ఇంట్లో లేదు. ఆ రోజు ఆదివారం.

సోమవారం పొద్దున్నే పోయి హార్డ్ డిస్క్ కొన్నాను. తమ్ముడికి పైకి చేర్చింది నేను కాదు, అవ్వ కేకేసింది. సాయంత్రానికి అంతా ఎక్కించి, మరదలు బుట్ట దించింది. డిస్క్ ఒక్కటే పంపితే ఏం బాగుంటుందనుకుందేమో, పక్కన కొత్త మామిడికాయ తొక్కు గిన్నె కూడా పెట్టింది. పచ్చిపులుసు ఒలకని బుట్టలో ఆ రోజు తొక్కు ఒలికింది.

డిస్క్ పనిచేస్తోంది. పట్టుచీర లెక్కలో మా ఆవిడ పదకొండు ఫొటోల తేడాతో గెలిచింది. కంప్యూటర్‌కు పెట్టినప్పుడల్లా గదంతా వెల్లుల్లి వాసన.