ట్రమడాల్ కిడ్నీకి ఏమీ చెయ్యదా? సగం నిజంతో తిరుగుతున్న మాట

శ్రీకాకుళం జిల్లా కవిటి, సోంపేట, పలాస వైపు ఫోన్లలో ఒక సందేశం తిరుగుతోంది: "కిడ్నీ జబ్బున్నవాళ్లు డైక్లోఫెనాక్ మానేసి ట్రమడాల్ వాడండి. కిడ్నీకి ఏమీ కాదు. డయాలసిస్‌లో కడిగేస్తారు. అలవాటు పడదు, ఎప్పుడంటే అప్పుడు మానేయొచ్చు."

డైక్లోఫెనాక్ మానమనడం సరైన మాటే. మిగతావి కూడా నమ్మబుద్ధేసేది అందుకే. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటి నొప్పిమాత్రలు కిడ్నీకి రక్తం అందేలా చూసే ప్రోస్టాగ్లాండిన్లను తగ్గించేస్తాయి. జీడితోటలో పొద్దంతా ఎండకి ఒంట్లో నీరు ఇంకిపోయినవాళ్లకి ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. ట్రమడాల్ కూడా నొప్పిమాత్రే, కానీ ఆ పని చెయ్యదు, నిజమే.

కానీ మందు కిడ్నీని ఏం చేస్తుందన్నది ఒక సంగతి, పాడైన కిడ్నీ ఆ మందుని ఏం చేస్తుందన్నది వేరే సంగతి. ట్రమడాల్‌ని కాలేయం ఎం1 అనే పదార్థంగా మారుస్తుంది. నొప్పి మీద బలంగా పనిచేసేది అదే. మందూ, దాని నుంచి పుట్టినవీ దాదాపు 90 శాతం మూత్రంలోనే పోవాలి. మామూలుగా 6, 7 గంటల్లో సగానికి తగ్గే మందు, కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లలో 10, 11 గంటలకి గానీ తగ్గదు. ఈలోగా ఇంకో మాత్ర పడితే రెండూ కలిసి పేరుకుంటాయి. మగత, వాంతులు, ఫిట్స్, ఆఖరికి ఊపిరి మందగించడం, అన్నీ అక్కణ్నుంచే.

అందుకే క్రియాటినిన్ క్లియరెన్స్ (కిడ్నీ రక్తాన్ని ఎంత వేగంగా వడకడుతోందో చెప్పే లెక్క) నిమిషానికి 30 మిల్లీలీటర్ల లోపుంటే మామూలు మాత్రని కనీసం 12 గంటల ఎడంతోనే ఇస్తారు, రోజుకి 200 మిల్లీగ్రాములు దాటనివ్వరు. కిడ్నీలు బాగున్న పెద్దవాళ్లకి ఆ హద్దు 400. ఎస్ఆర్ అని రాసి ఉండే, నెమ్మదిగా కరిగే మాత్రలు వీళ్లకి అసలే వద్దు. వాటిని విరిచి వేసుకుంటే ఎవరికైనా ప్రమాదమే, గంటలకొద్దీ మెల్లగా దిగాల్సిన మందంతా ఒక్కసారే దిగుతుంది.

డయాలసిస్‌లో కడిగేస్తారా? నాలుగు గంటల డయాలసిస్‌లో పోయేది 7 శాతం లోపే.

అలవాటు సంగతి. ట్రమడాల్ ఓపియాయిడ్, మార్ఫిన్ బాపతు. 2018లో దీన్ని మత్తుమందుల చట్టం కిందకి తెచ్చారు. షెడ్యూల్ హెచ్1 మందు కూడా, చీటీ లేకుండా అమ్మకూడదు. కొన్ని వారాలు రోజూ వేసుకుని ఠక్కున ఆపితే చెమటలు, వణుకు, ముక్కు కారడం, విరేచనాలు, నిద్రలేమి వస్తాయి. దాన్ని పాత నొప్పే తిరగబెట్టిందనుకుని మళ్లీ మాత్ర అందుకుంటారు. ఆపాలంటే డాక్టరు చెప్పిన లెక్కలో, కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి.

సందేశంలో లేని ముక్క ఒకటుంది, మాకు ఎక్కువ భయం దానితోనే. మద్యం తాగి గానీ, నిద్రమాత్రతో గానీ ట్రమడాల్ వేసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. డిప్రెషన్ మాత్రలతో, నరాల నొప్పికిచ్చే అమిట్రిప్టిలిన్‌తో కలిస్తే ఫిట్స్, సెరటోనిన్ సిండ్రోమ్ (ఒంట్లో సెరటోనిన్ అనే పదార్థం మితిమీరి ప్రాణం మీదకి తెచ్చే స్థితి) వచ్చే ముప్పుంది. మూర్ఛ ఉన్నవాళ్లు డాక్టరుకి ముందే చెప్పాలి. పన్నెండేళ్ల లోపు పిల్లలకి ఇవ్వనే కూడదు.

షాపులో మాత్రల పట్టీ తిప్పి వెనక చిన్న అక్షరాలు చదవండి. "ట్రమడాల్ 37.5, పారాసిటమాల్ 325" అని ఉంటే, జ్వరానికని విడిగా వేసుకునే పారాసిటమాల్‌ని కూడా లెక్కలో కలుపుకోవాలి. ట్రమడాల్ పక్కన డైక్లోఫెనాక్ అని కనబడితే, మానేశాననుకున్న మందే మళ్లీ ఇంటికొస్తున్నట్టు.

మాత్ర వేసుకున్న మనిషి పిలిచినా లేవకుండా గురక పెడుతుంటే ఛాతీ లేచే లెక్క ఒక నిమిషం చూడండి. పది కన్నా తక్కువున్నా, పెదాలు నీలంగా మారినా ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యండి. నోట్లో నీళ్లు పొయ్యొద్దు. మాత్రల పట్టీ వెంట తీసుకెళ్లండి: ఆసుపత్రిలో ఓపియాయిడ్‌కి విరుగుడుగా ఇచ్చే నాలోక్సోన్ ట్రమడాల్ ప్రభావాన్ని పూర్తిగా విరవలేదు, పైగా ఫిట్స్ వచ్చే అవకాశం పెరగొచ్చు, కాబట్టి లోపల ఏముందో డాక్టరుకి ముందే తెలియాలి.