కర్త పరారీలో ఉన్న వాక్యం

పదో తరగతి ఇంగ్లీషు వ్యాకరణంలో జీవితానికి పనికొచ్చే అధ్యాయం ఒక్కటేననీ, అది ప్యాసివ్ వాయిస్, అంటే కర్మణి ప్రయోగం అనీ గోదావరి డెల్టా నివాసిగా సవినయంగా మనవి చేసుకుంటున్నాను. గంట అనే అర్థమిచ్చే ‘అవర్’కు ముందు ‘ఏన్’ ఎందుకు, ‘యూనివర్సిటీ’కి ముందు ‘ఎ’ ఎందుకు అన్నది అక్షరాన్ని కాక శబ్దాన్ని బట్టి తేలే వ్యవహారం. చెవి ఉన్నవారికి ఒక పూట చాలు. కర్తను మాయం చేయడం మాత్రం సాధన మీద గాని రాదు.

నియమం సులువైనదే. కర్మ వాక్యం ముందుకు వచ్చి కూర్చుంటుంది, క్రియ ‘బి’ రూపాన్ని తోడు తెచ్చుకుని వీ-త్రీ, అంటే తన మూడో రూపం అవుతుంది, కర్త ‘బై’ని పట్టుకుని చివరకు పోతాడు; ఆ కర్త ఎవరో తెలియకపోయినా, చెప్పనక్కరలేకపోయినా ‘బై’తో సహా తొలగించవచ్చు. ఈ చివరి వెసులుబాటు మీదే మన కాలువల నిర్వహణ యావత్తూ నడుస్తున్నది. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో పూడిక తీయబడినది, గుర్రపుడెక్క తొలగించబడినది, గట్లు పటిష్ఠపరచబడినవి అని ఫైలు చెబుతుంది. నీళ్లు వదిలాక శివారు రైతు తూము దగ్గర నిలబడి చూస్తే, ఆ తొలగించబడిన గుర్రపుడెక్కే ఊదా పూలతో సహా ఎదురొస్తుంది. ఎవరు తీశారని అడిగితే అది వ్యాకరణం తెలియనితనం.

ఆగస్టులో వరదకు గట్టు తెగినప్పుడు పర్సోనిఫికేషన్ అక్కరకొస్తుంది. మనిషి కానిదానికి మనిషి గుణాలు అంటగట్టడమని దాని నిర్వచనాన్ని పిల్లలు బట్టీ పడతారు. పెద్దలు ‘గోదారమ్మ ఆగ్రహించింది’ అని సెలవిచ్చి, ఖాళీగా ఉన్న కర్త స్థానంలో నదిని కూర్చోబెడతారు. చుట్టూ నీళ్లున్న లంకలో తాగునీటి కోసం ఎదురుచూడడాన్ని ఐరనీకి ఉదాహరణగా రాస్తే మార్కులు వస్తాయి గాని నీళ్లు రావు.

1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఈ ప్రాంతమంతా వాయిస్ మార్చేస్తుంది. కాటన్ దొర కట్టించాడు అంటారే తప్ప కట్టించబడినది అనే పెద్దమనిషి మా వైపు కనబడడు. ఎన్నో ఊళ్లలో విగ్రహం పెట్టి మరీ కర్తను నిలబెట్టుకున్నారు.

కాబట్టి ప్రశ్నపత్రాలు తయారుచేసే పెద్దలకు ఒక విన్నపం. ‘లాకు గేట్లు బాగుచేయబడినవి’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యాన్ని యాక్టివ్ వాయిస్‌లోకి మార్చమని డెల్టా పిల్లలను అడిగిన పక్షంలో, రాసినవారికీ రాయనివారికీ సమానంగా మార్కులు కలపవలసి ఉంటుంది.