మూడు విజిల్స్ అవధానం

మా నాన్న ఒకే నెల కరెంటు బిల్లు రెండుసార్లు కట్టాడు. అదనంగా కట్టింది తర్వాతి బిల్లులో సర్దుకుపోతుంది కాబట్టి పెద్ద నష్టమేమీ లేదు. కానీ ఆ సంగతి అమ్మ నోటి వెంట డాలస్‌లో ఉన్న మా అక్క చెవిన పడింది. అక్క చెవిన పడ్డ ఏ విషయమూ ఊరికే పోదు. వారం తిరక్కుండా ఇంటికి ట్యాబ్ వచ్చింది. అందులో మెదడుకి కసరత్తు చేయించే యాప్. తెలుగులో ఉన్నదాన్ని వెతికి మరీ పట్టుకుని, ఏడాది చందా కట్టేసింది.

నాన్న తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యాడు. చుట్టుపక్కల ఎక్కడ, ఒకేసారి ఎనిమిదిమందికి బదులిచ్చే అష్టావధానం జరిగినా అప్రస్తుత ప్రసంగానికి ఆయన్నే పిలిచేవారు. అవధాని పాపం ఓ పక్క సమస్యాపూరణం, ఇంకో పక్క ఫలానా అక్షరం వాడొద్దనే నిషిద్ధాక్షరి, మరో పక్క ఇచ్చిన మాటలతో పద్యం కట్టమనే దత్తపది మోస్తూ అవస్థ పడుతుంటే, మధ్యలో దూరి "అవధానిగారూ, పొద్దున మీ ఇంట్లో ఇడ్లీయా, ఉప్మానా?" అని ఆయన్ని దారి తప్పించాలి. అదీ ప్రశ్నలడిగే ఆ పృచ్ఛకుడి ఉద్యోగం. ఇలా పదిమంది అవధానుల ఏకాగ్రతతో ఆడుకున్న మనిషి, డెబ్బై రెండేళ్ల వయసులో కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్లో ట్యాబ్ ముందు కూర్చుని సొంత ఏకాగ్రత కాపాడుకోవాల్సి వచ్చింది.

మొదటిరోజే యాప్ పరీక్ష పెట్టి, నాన్న మెదడు వయసు 84 అని తేల్చింది.

"నాకు 72, నా మెదడుకి 84. అంటే అది నాకంటే పన్నెండేళ్లు ముందు పుట్టిందా?" అన్నాడు నాన్న.

మెదడుకి వయసు కట్టే ఈ సరదాని 2005లో జపాన్ కంపెనీ నింటెండో తన ఆటతో బాగా అలవాటు చేసింది. ఆ ఆటలో ఎంత మొనగాడికైనా 20కి తక్కువ రాదు. ఈ ముక్క చెబితే ఆయన కాస్త చల్లబడతాడనుకున్నాను. "ఇరవై ఏళ్లవాడికి బుర్ర బాగా పనిచేస్తుందని వాళ్లకెవరు చెప్పార్రా? నేను పదో తరగతి పేపర్లు దిద్దినవాణ్ని" అన్నాడు.

ఆయన్ని బాగా ఏడిపించింది రంగుల ఆట. 'నీలం' అన్న మాట ఎర్రటి అక్షరాల్లో కనిపిస్తుంది. మాటని పట్టించుకోకుండా అక్షరాల రంగు ఎరుపు అని నొక్కాలి. నాన్న ప్రతిసారీ నీలమే నొక్కేవాడు. ఇది కొత్త ఆటేమీ కాదు. 1935లో స్ట్రూప్ అనే అమెరికన్ చేసిన ప్రయోగం. చదవడం బాగా అలవాటైపోయినవాడికి కళ్లు మాట మీదికే పోతాయి, అందుకే రంగు చెప్పడం ఆలస్యమవుతుంది. ఇదంతా వివరిస్తే నాన్న శ్రద్ధగా విన్నాడు.

"అంటే నాకు చదవడం బాగా వచ్చు కాబట్టి మార్కులు కోశారన్నమాట."

దీనికి సమాధానం నా దగ్గర లేదు. యాప్ దగ్గరా లేదు.

ఇక నాకూ అక్కకీ వాట్సాప్‌లో యుద్ధం మొదలైంది. 2010లో పదకొండు వేలమందికి పైగా ఆరు వారాలపాటు ఇలాంటి ఆటలు ఆడితే, ఆ ఆటల్లోనే ఆరితేరారు తప్ప మిగతా పరీక్షల్లో చెప్పుకోదగ్గ ఫలితం కనబడలేదని నేను పంపాను. వయసుతో వచ్చే మతిమరుపుని ఆపుతామని తగిన ఆధారం లేకుండా ప్రచారం చేశారని, ఇలాంటి ఆటలే అమ్మే లుమోసిటీ కంపెనీ చేత 2016లో అమెరికా ప్రభుత్వ సంస్థ 20 లక్షల డాలర్లు కట్టించిందనీ పంపాను. అక్క ఊరుకుంటుందా? అరవై అయిదు దాటిన 2,800 మందితో అక్కడే చేసిన పెద్ద పరిశోధన పంపింది. చురుకుదనానికీ తర్కానికీ శిక్షణ తీసుకున్నవాళ్లలో ఆ మెరుగుదల పదేళ్లకి కూడా కొంత నిలిచిందట. "జ్ఞాపకశక్తి శిక్షణ ఫలితం మాత్రం పదేళ్లు నిలవలేదు, కింది పేరా కూడా చదువు" అన్నాను. "నువ్వు కరెంటు బిల్లు చూసుకో" అంది.

ఈలోపు నాన్న పిట్టల ఆటలో మొనగాడయ్యాడు. అయిదు పిట్టల్లో నడిమి పిట్ట ఎటు చూస్తోందో రెప్పపాటులో చెప్పేస్తున్నాడు. మెదడు వయసు 71కి దిగింది. కళ్లజోడు ఎక్కడ పెట్టారని అడిగితే మాత్రం అది ఆటలో లేదు.

ఆ ఆదివారం మా అత్తమామలు భోజనానికి వస్తున్నారు. మా ఆవిడ వాళ్లని తీసుకురావడానికి సికింద్రాబాద్ స్టేషన్‌కి వెళ్లింది, నేను పెరుగుకి వెళ్లాను. అమ్మ కుక్కర్లో కందిపప్పు పెట్టి, "మేడమీద వడియాలు చూసొస్తా. మూడు విజిల్స్ రాగానే స్టవ్ కట్టేయండి" అని చెప్పి వెళ్లింది.

నేను తిరిగొచ్చేసరికి హాల్లో నిండు సభ. నాన్న ట్యాబ్‌లో పిట్టల్ని తరుముతున్నాడు, సరైన జవాబుకల్లా అది టింగుమంటోంది. పక్కన మా వాడు క్విజ్ పుస్తకంతో, "తాతా, దుర్యోధనుడి చెల్లెలి పేరేంటి?" అంటూ పురాణం మొదలెట్టాడు. ఫోన్‌లో అక్క వీడియో కాల్. షుగర్ రిపోర్టు, మైసూర్‌పాక్ అనే మాటలు దాని ముందు ఎత్తకూడదని అమ్మ నిషేధం, కాబట్టి అది నిషిద్ధాక్షరి. గుమ్మంలో పార్సిల్ కుర్రాడు "ఓటీపీ చెప్పండి అంకుల్" అని, అక్షరాలు విడివిడిగా అందించే వ్యస్తాక్షరిలా అందుకున్నాడు. వీటన్నిటి మీదా వంటింట్లోంచి ఘంటాగణనం. అవధాని గంటలు లెక్కపెట్టుకున్నట్టే నాన్న ఎడమచేతి వేళ్లు మడుస్తున్నాడు.

పార్సిల్ కుర్రాడికి "దుస్సల" అని చెప్పాడు. వాడు బుద్ధిగా టైపు చేయబోయి ఆగిపోయాడు. షుగరెంత ఉందని అక్క అడిగితే నాలుగంకెల ఓటీపీ చదివాడు. అక్క కెవ్వుమంది. ఆ గోలలోనూ మూడో వేలు మడిచి, లేచి వెళ్లి, టక్కున స్టవ్ కట్టేసి వచ్చాడు. యాప్ ఆ పూట మెదడు వయసు 63 అని ప్రకటించి పూలు చల్లింది.

అమ్మ దిగొచ్చి మూత తీస్తే పప్పు గులకరాళ్లలా గలగలమంది.

"మూడు విజిల్స్ అన్నానుగా!"

"మూడూ విన్నాకే కట్టాను."

"ఈ కుక్కర్ ఒక్కటైనా కుయ్యలేదండీ. అవి పక్కింటివాళ్ల విజిల్స్!"

"ఎవరివో నువ్వు చెప్పలేదు" అన్నాడు నాన్న.

అప్పటికే లిఫ్ట్‌లోంచి మా మామగారి గొంతు వినిపిస్తోంది. అమ్మ గిన్నె పట్టుకుని వెనక గుమ్మంలోంచి పక్కింటికి పరిగెత్తింది. అరగంటలో అందరం విస్తళ్ల ముందు కూర్చున్నాం. మామగారు పప్పు కలుపుకుని, రెండో ముద్ద కూడా తిని, "చెల్లెమ్మా, పప్పు వెన్నలా ఉడికింది" అన్నారు.

అమ్మ నోరు తెరిచేలోపే నాన్న అందుకున్నాడు.

"సరిగ్గా మూడు విజిల్స్, బావగారూ. లెక్కపెట్టింది నేనే."