ఆరోపణకీ తీర్పుకీ మధ్య

2015 అక్టోబరు 7న పీటర్ బాల్ అనే చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ మాజీ బిషప్‌కి లండన్ కోర్టు 32 నెలల జైలుశిక్ష వేసింది. ఆధ్యాత్మిక శిక్షణ కోసం తనను నమ్మి వచ్చిన యువకులను ఏళ్ల తరబడి లైంగికంగా వాడుకున్నానని ఆయనే కోర్టులో ఒప్పుకున్నాడు. నిజానికి ఈ వ్యవహారం 1992లోనే బయటికొచ్చింది. అప్పుడు పోలీసులు ఒక హెచ్చరికతో వదిలేశారు. పదవి పోయింది కానీ పేరు పోలేదు. పలుకుబడి ఉన్నవాళ్లు ఆయన తరఫున ఉత్తరాలు రాశారు. బాధితుల వైపు నుంచి చర్చి పెద్దలకు వచ్చిన ఉత్తరాలు మాత్రం చాలావరకు పోలీసుల దాకా వెళ్లలేదు. మొట్టమొదట నోరు విప్పిన యువకుడు 2012లో ఆత్మహత్య చేసుకున్నాడు. శిక్ష పడిన రోజున అతను లేడు.

సరిగ్గా పదిహేను రోజులకి, అక్టోబరు 22న, అదే చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ ఇంకో ప్రకటన చేసింది. బాల్ చాలా ఏళ్లు పనిచేసిన చిచెస్టర్ మేత్రాసనానికే (ఒక బిషప్ కింద ఉండే చర్చి ప్రాంతానికే) ఒకప్పుడు బిషప్‌గా ఉన్న జార్జ్ బెల్, 1940ల చివర్లో ఒక చిన్నపిల్లని లైంగికంగా వేధించాడని ఫిర్యాదు వచ్చిందని, తాము క్షమాపణ చెప్పి పరిహారం ఇచ్చామని దాని సారాంశం. బెల్ 1958లోనే చనిపోయాడు. నాజీల నుంచి పారిపోయి వచ్చినవాళ్లకి ఆసరా ఇచ్చినవాడిగా, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగానే జర్మన్ నగరాల మీద బాంబులు కురిపించడాన్ని బ్రిటిష్ పార్లమెంటు ఎగువసభ అయిన ప్రభువుల సభలో తప్పుపట్టినవాడిగా ఆయనకి గొప్ప పేరుండేది. ప్రకటన వెలువడగానే ఆయన పేరు మీద ఉన్న భవనానికి పేరు మార్చేశారు. ఆ తర్వాత లార్డ్ కార్లైల్ అనే న్యాయవాది ఆ విచారణ తీరును పరిశీలించి, చనిపోయిన మనిషి తరఫున ఒక్క మాట కూడా వినకుండా చర్చి తొందరపడిందని 2017 డిసెంబరులో వెలువడిన నివేదికలో తేల్చాడు. అయినా బెల్ మీద 'మచ్చ' మిగిలే ఉందన్నట్టు మాట్లాడిన ఆ చర్చి అధిపతి, కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్, ఆ మాట వెనక్కి తీసుకోవడానికి 2021 దాకా పట్టింది.

ఈ కథలో ఇంకొకరున్నారు. ఆ ఫిర్యాదు చేసిన మహిళ. ఆమె మొదటిసారి చర్చికి రాసింది 1995లో. అప్పుడెవరూ పట్టించుకోలేదు. 2013 దాకా ఆమె గోడు విన్నవాళ్లు లేరు. తీరా విన్నాక కూడా సరైన విచారణ జరగలేదు కాబట్టి, ఆమె చెప్పింది నిజమో కాదో తేలే అవకాశమే లేకుండా పోయింది. బెల్‌కి ఎంత అన్యాయం జరిగిందో ఆమెకీ అంతే జరిగింది.

బాల్ విషయంలో చర్చి మనిషిని చూసి నమ్మింది. బెల్ విషయంలో, మేం మారిపోయామని లోకానికి చూపించుకోవడానికి విచారించకుండానే తేల్చేసింది. రెండుసార్లూ తప్పించుకున్నది ఒకే పని. కూర్చుని, ఓపిగ్గా, ఇరుపక్షాలనీ విని, ఆధారాలు చూసే పని.

మన సమాజం కూడా ఈ పనినే తప్పించుకుంటోందని నా బాధ. ఒక స్వామీజీ మీదో, పాస్టర్ మీదో, ఇమామ్ మీదో ఇలాంటి వార్త రాగానే మన వాట్సాప్ గ్రూపులు రెండుగా చీలిపోతాయి. "నిప్పు లేనిదే పొగ రాదు" అని ఒక వర్గం. "ఇది మన మతం మీద కుట్ర" అని ఇంకో వర్గం. గమనించండి, మతం మారితే ఈ రెండు వర్గాలూ డైలాగులు మార్చుకుంటాయి. నిన్న కుట్ర అన్నవాళ్లే ఇవాళ పొగ గురించి మాట్లాడతారు. వీళ్లలో ఎవరికీ ఫిర్యాదులో ఏముందో తెలియదు. నిందితుడి నేరం గురించి కాకుండా తమ వర్గం పరువు గురించి కొట్లాడుకుంటున్నప్పుడు, ఆ పిల్ల ఎవరు, ఏం జరిగింది అన్నది ఎవరికీ పట్టదు.

నేరం రుజువయ్యేదాకా నిందితుడు నిర్దోషే అన్న సూత్రం 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 11వ అధికరణలో ఉంది. రుజువు చేసే భారం ఆరోపించినవాళ్లది, అనుమానానికి తావుంటే శిక్ష వేయకూడదు. ఇది మతగురువులకి ఇచ్చిన రాయితీ కాదు. జేబుదొంగకి కూడా ఉన్న హక్కే. కాబట్టి కాషాయం కట్టినందుకో, శిలువ వేసుకున్నందుకో ఎవరికీ ఇందులో ఎక్కువ రాదు, తక్కువ కాదు.

అయితే ఈ సూత్రాన్ని భక్తులు వాడే తీరు చూస్తే నాకు కోపం వస్తుంది. గురువుగారు నిర్దోషి అని అనుకోవాలి కాబట్టి ఆ అమ్మాయి అబద్ధాలకోరు అని తేల్చేస్తారు. ఆ అమ్మాయి మీద అబద్ధపు ఫిర్యాదు కేసు ఎవరు పెట్టారు? ఏ కోర్టు రుజువు చేసింది? తప్పుడు ఫిర్యాదు ఇవ్వడమూ నేరమే. ఆ నేరం విషయంలో ఆమె కూడా రుజువయ్యేదాకా నిర్దోషే. ఇద్దరినీ ఒకేసారి ఇలా చూడటం కష్టంగా అనిపించవచ్చు. కానీ కోర్టులు రోజూ చేసే పని అదే. ఫిర్యాదును నిజం కావచ్చన్నంత గట్టిగా తీసుకుని దర్యాప్తు చేస్తారు, రుజువైతేనే శిక్ష వేస్తారు.

మతగురువు విషయంలో ఫిర్యాదు చేసినవాళ్ల వైపు ఈ జాగ్రత్త ఎందుకు ఎక్కువ కావాలంటే, అక్కడ బలం సమానంగా లేదు. 2002లో డేరా సచ్చా సౌదా అధిపతి గుర్మీత్ రామ్ రహీమ్ మీద ఫిర్యాదు చేసిన సాధ్వి తన పేరు కూడా రాయలేకపోయింది. ప్రధానమంత్రికి ఆకాశరామన్న ఉత్తరం రాసింది. దాన్ని అచ్చువేసిన స్థానిక పత్రికా సంపాదకుడిని అదే ఏడాది కాల్చి చంపారు. హైకోర్టు సీబీఐ దర్యాప్తుకి ఆదేశిస్తే తీర్పు రావడానికి 2017 ఆగస్టు దాకా పట్టింది. తీర్పు రోజున పంచ్‌కులలో చెలరేగిన హింసలో 30 మందికి పైగా చనిపోయారు. ఆశారాం బాపూ కేసుల్లో సాక్షులను వెంటాడి మరీ దాడులు చేశారు, కొందరిని చంపేశారు. మైనర్ బాలికపై అత్యాచారం కేసులో ఆయనకి 2018 ఏప్రిల్‌లో యావజ్జీవ శిక్ష పడింది. లక్షలమంది కళ్లకద్దుకునే మనిషి మీద ఒక పదహారేళ్ల పిల్ల నిలబడి మాట్లాడాలంటే ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. అటువంటి పిల్లని "ముందు రుజువు చూపించు, తర్వాత వింటాం" అనడం నిర్దోషిత్వ సూత్రం కాదు. రుజువులు వెతకాల్సింది పోలీసులు. వినాల్సింది మనం.

"ఈ మతగురువులంతా ఇంతే" అని ఇంకోవైపు నుంచి వచ్చే మాటకీ నా దగ్గర అంతే గట్టి జవాబుంది. అమెరికాలో 1950 నుంచి 2002 దాకా క్యాథలిక్ ప్రీస్టుల్లో సుమారు 4 శాతం మంది మీద, అంటే 4,392 మంది మీద, పిల్లలని వేధించారన్న ఆరోపణలు వచ్చాయని 2004లో జాన్ జే కాలేజీ నివేదిక లెక్క తేల్చింది. భయంకరమైన సంఖ్య. సంస్థలో ఎంత కుళ్లుందో, ఎన్ని ఫైళ్లు తొక్కిపెట్టారో అది చెబుతుంది. కానీ ఫలానా ఊళ్లో ఫలానా ప్రీస్టు ఫలానా రోజున ఏం చేశాడన్న సంగతి ఆ లెక్క చెప్పదు. సంస్థ చేసిన పాపానికి మనిషిని శిక్షించడం మొదలుపెడితే అసలు దోషికి కూడా అది బాగా కలిసొస్తుంది. "మా అందరి మీదా పగబట్టారు" అని గుంపులో కలిసిపోతాడు.

2018లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో గ్రాండ్ జ్యూరీ (నేరారోపణలను పరిశీలించే పౌరుల బృందం) 300 మందికి పైగా ప్రీస్టుల పేర్లతో నివేదిక తెచ్చినప్పుడు ఈ చిక్కే వచ్చింది. అందులో కొందరు, మా మాట వినకుండానే మా పేరు వేశారని కోర్టుకెళ్లారు. ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు వాళ్ల పేర్లు శాశ్వతంగా కొట్టివేయాలని తీర్పిచ్చింది. నివేదిక మాత్రం ఆగలేదు. వెయ్యిమందికి పైగా పిల్లల గాథలు లోకానికి తెలిశాయి. బాధితుల గొంతు వినిపించడానికి, జవాబు చెప్పుకునే అవకాశం లేని మనిషి పేరు బజారులో పెట్టనక్కర్లేదని ఆ తీర్పు చూపించింది. నాకు అది చాలా నచ్చిన తీర్పు.

మరి ఆరోపణ వచ్చిన మతగురువు ఎలా నడుచుకోవాలి? షికాగో క్యాథలిక్ చర్చి పెద్ద, కార్డినల్ జోసెఫ్ బెర్నార్డిన్‌ని చూడమంటాను. 1993 నవంబరులో, తాను సెమినరీలో (ప్రీస్టు కావడానికి చదివే చోట) ఉన్న రోజుల్లో తనను బెర్నార్డిన్ వేధించాడని ఒక వ్యక్తి దావా వేశాడు. వార్త టీవీల్లో మారుమోగిపోయింది. అంతకు ఏడాది ముందే బెర్నార్డిన్ తన కింద ఉన్న చర్చి ప్రాంతంలో (ఆర్చ్‌డయోసిస్‌లో) ఇలాంటి ఫిర్యాదులు విచారించే బోర్డు ఒకటి పెట్టి ఉన్నాడు. తన కేసు కూడా ఆ బోర్డుకే వెళ్లాలన్నాడు. విలేఖరులు గుచ్చి గుచ్చి అడిగిన ప్రశ్నలకి తప్పించుకోకుండా జవాబు చెప్పాడు. భక్తులని రోడ్ల మీదికి పిలవలేదు. 1994 ఫిబ్రవరిలో, హిప్నాసిస్‌లో వచ్చిన తన జ్ఞాపకాలని నమ్మలేనంటూ ఆ వ్యక్తే దావా ఉపసంహరించుకున్నాడు. అప్పటికే అతను జబ్బుతో ఉన్నాడు. ఆ ఏడాది చివర బెర్నార్డిన్ వెళ్లి అతన్ని కలిశాడు, ఇద్దరూ కలిసి ప్రార్థన చేసుకున్నారు. నిర్దోషి అయిన మనిషికి విచారణ అంటే భయం ఉండకూడదని అనను. భయం ఉంటుంది. కానీ విచారణని ఆపడానికి అధికారం వాడకపోవడం అతని చేతిలో ఉన్న పని.

కోర్టు తీర్పు వచ్చాక కూడా మనం తొందరపడే చోటు ఒకటుంది. ఆస్ట్రేలియాలో కార్డినల్ జార్జ్ పెల్‌ని 2018లో జ్యూరీ దోషి అంది. అప్పీల్ కోర్టు ఇద్దరు ఒకవైపు, ఒకరు ఇంకోవైపు చీలి ఆ తీర్పునే నిలబెట్టింది. 400 రోజులకి పైగా జైల్లో ఉన్నాక, 2020 ఏప్రిల్‌లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టులో ఏడుగురు న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా శిక్ష కొట్టేశారు. ఫిర్యాదుదారు అబద్ధమాడాడని ఆ కోర్టు అనలేదు. మిగతా సాక్ష్యాలన్నీ చూస్తే జ్యూరీకి అనుమానం కలగాల్సిందే అంది. నెల తిరిగేసరికి బయటికొచ్చిన రాయల్ కమిషన్ (ప్రభుత్వం వేసిన విచారణ సంఘం) నివేదిక, ఇతర ప్రీస్టుల అకృత్యాల గురించి పెల్‌కి 1970లలోనే తెలుసని తేల్చింది. ఆయన మాత్రం దాన్ని ఒప్పుకోలేదు. ఒకే మనిషి గురించి ఈ రెండూ. తాను చేశాడన్న నేరం నిలబడలేదు, ఇతరుల విషయంలో కమిషన్ తప్పుపట్టింది. దీన్ని మొత్తంగా పట్టుకోవడానికి ఓపిక లేక, సగం మంది ఆయన్ని సాధువుని చేశారు, సగం మంది రాక్షసుణ్ణి చేశారు.

కేరళలో బిషప్ ఫ్రాంకో ములక్కల్ కేసూ అంతే. 2018లో ఒక నన్ పోలీసులకి ఫిర్యాదు చేసింది, ఆయన అరెస్టయ్యాడు, 2022 జనవరిలో కొట్టాయం సెషన్స్ కోర్టు ఆయన్ని నిర్దోషిగా వదిలింది. ఆ తీర్పు మీద హైకోర్టులో అప్పీలు వేశారు. ఈ మధ్యలో ఆ నన్‌కి జరిగింది చూడండి. ఒక ఎమ్మెల్యే బహిరంగంగా ఆమె శీలం గురించి నీచంగా మాట్లాడాడు. ఆమె ఉన్న సంస్థే ఆమె ఫొటో విడుదల చేసింది. అలాంటి ఫిర్యాదుదారు ఎవరో బయటపెట్టడం భారత చట్టం ప్రకారం నేరం, అందుకు వేరే కేసు పెట్టారు. బిషప్ నిర్దోషిత్వాన్ని కాపాడటానికి ఇవేవీ అక్కర్లేదు. కోర్టు ఆయన్ని వదిలింది సాక్ష్యం చాలలేదని, ఆమెను ఎవరో తిట్టారని కాదు.

ఇక మన సంఘాల సంగతి. మనం పెద్దలను ఆహ్వానిస్తాం, వేదిక మీద కూర్చోబెడతాం, వాళ్ల చేతుల్లో మన పిల్లలని పెడతాం. ఆరోపణ వస్తే ఏం చేయాలో ముందే రాసి పెట్టుకోకపోతే, ఆ రోజు ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల మాటే చెల్లుతుంది. నా అభిప్రాయం ఇది. కార్యవర్గం తనే విచారణ చేయకూడదు. పిల్లల విషయమైతే వెంటనే పోలీసులకి గానీ, చైల్డ్ ప్రొటెక్షన్ వాళ్లకి గానీ చెప్పాలి. భారత్‌లో పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్లు చెప్పి తీరాలి, చెప్పకపోతే శిక్ష ఉంది. అమెరికాలో కూడా చాలా రాష్ట్రాల్లో మతగురువులకి ఆ బాధ్యత ఉంది. విచారణ ముగిసేదాకా ఆ వ్యక్తికి వేదిక ఇవ్వకూడదు, పిల్లలతో ఏకాంతంగా ఉండే ఏ పనీ అప్పగించకూడదు. ఇది శిక్ష కాదని ఆయనకీ, సభ్యులకీ రాతపూర్వకంగా చెప్పాలి. టీచర్ల మీద, డాక్టర్ల మీద ఆరోపణ వస్తే కూడా ఇలాగే పక్కన పెడతారు. ఫిర్యాదు చేసిన కుటుంబాన్ని ఏ కార్యక్రమానికీ దూరం పెట్టకూడదు. వాళ్ల ఇంటికి 'రాజీ' కోసం పెద్దమనుషులు వెళ్లడాన్ని గట్టిగా ఆపాలి. ఎందుకంటే చాలా కేసులు చచ్చిపోయేది ఆ హాల్లోనే, సోఫాల మీద, "అమ్మాయి భవిష్యత్తు ఆలోచించండమ్మా" అన్న మాటతోనే.

ఆ వ్యక్తి నిర్దోషిగా తేలితే, పక్కన పెట్టినప్పుడు ఏ గ్రూపులో, ఏ పేజీలో చెప్పామో అక్కడే, అంతే అక్షరాల్లో తీర్పు సంగతి వేయాలి. ఆహ్వానం మళ్లీ పంపాలా వద్దా అన్నది అప్పటి సభ్యులు తీర్పు చదివి తేల్చుకోవాలి. దోషిగా తేలితే ఆయనతో దిగిన ఫొటోలు తీసేసి ఊరుకుంటే సరిపోదు. ఆయన మన దగ్గరికి వచ్చిన రోజుల్లో మన పిల్లల్లో ఎవరికైనా ఏమైనా జరిగిందా అని అడగాలి.