సర్కారు బడి నాణ్యతను ఎక్కడ వెతకాలి?

బడులు తెరిచిన రెండో నెలలో ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి పిల్లల వెనక ఒక పూట కూర్చున్నాను. టీచరు పేరు పిలవగానే ఒక పాప లేచి తెలుగు వాచకంలోని పాఠాన్ని గడగడా చదివేసింది. ఎక్కడా తడబడలేదు, ఆగాల్సిన చోట ఆగింది కూడా. అయితే నోటితో చెబుతున్న వాక్యం పేజీలో మూడో వరుసలో ఉంటే, ఆమె చూపుడు వేలు ఐదో వరుస మీద ఉంది. టీచరు అనుమతి తీసుకుని, బల్ల మీదున్న దినపత్రికలోని పిల్లల పేజీ నుంచి ఒక చిన్న కథ చూపించాను. గుణింతాల దాకా కూడబలుక్కుంటూ వచ్చింది గానీ 'చెట్టు'ను 'చెటు' అంది, 'అమ్మమ్మ'ను 'అమమ' అంది, ఒత్తు కనిపించిన ప్రతిచోటా ఆగి టీచరు మొహం వైపు చూసింది. ఆ గదికి కొత్త రంగులున్నాయి, టైల్స్ నేల ఉంది, ఆకుపచ్చ బోర్డు, రెండు ఫ్యాన్లు ఉన్నాయి. అంతకు పది రోజుల ముందు తనిఖీకి వచ్చిన అధికారి పుస్తకంలో రాసి వెళ్లిన మాట 'సంతృప్తికరం'.

ఆ అధికారి అబద్ధం రాశాడని నేను అనను. ఆయన చూడాల్సినవన్నీ చూశాడు: హాజరు పట్టిక, మధ్యాహ్న భోజనం లెక్క, మరుగుదొడ్లు, పాఠ్య ప్రణాళిక, పిల్లల యూనిఫాం. ఆయన చేతిలోని ఫారంలో పిల్ల చదువు వినడానికి గడి లేదు. ప్రభుత్వ ప్రాథమిక బడి బాగుందా లేదా అనే ప్రశ్నకు మన దగ్గర జవాబులు చాలానే వినిపిస్తున్నా, వాటిలో ఎక్కువ భాగం బడిలో ఏమేం ఉన్నాయో చెప్పేవే. జూన్‌లో ఆ గడప తొక్కిన పిల్ల ఏప్రిల్ నాటికి ఎంత దూరం వచ్చిందో చెప్పే కొలత ఒక్కటి సరిగా కుదిరితే మిగిలినవన్నీ దాని వెనక నిలబడతాయని నా అభిప్రాయం.

సౌకర్యాలను తీసిపారేయాలన్నది నా వాదన కాదు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన నాడు-నేడు తొలి విడతలోనే 15 వేలకు పైగా బడులను బాగుచేశారు. 2022లో తెలంగాణ మన ఊరు-మన బడి చేపట్టింది. నీళ్లు రాని మరుగుదొడ్డి ఉన్న బడికి ఆడపిల్ల ఎందుకు రాదో ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. అయితే సౌకర్యాన్ని కూడా వాడుకలో చూడాలి. మరుగుదొడ్డి కట్టారా అని అడగడం కన్నా దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందని అడిగితే ఎక్కువ తెలుస్తుంది. గ్రంథాలయం ఉందా అని అడిగితే బీరువా చూపిస్తారు. లోపలి పుస్తకాల అట్టలు నిగనిగలాడుతూ, పేజీలు ఒకదానికొకటి అంటుకుని ఉంటే పిల్లల చేతులు వాటి మీద పడలేదన్నమాట. అంచులు నలిగి, ఒకటి రెండు పేజీలు చిరిగి, వెనక అట్ట మీద పెన్సిల్ గీతలున్న పుస్తకాలు కనిపిస్తే ఆ బడికి ఒక మార్కు ఎక్కువే వేస్తాను.

నోటు పుస్తకాల సంగతీ అంతే. అక్షరదోషం ఒక్కటీ లేకుండా, తరగతిలో అందరివీ ఒకేలా ఉండే నోట్సు చూసి మురిసిపోయే తల్లిదండ్రులు, అధికారులు చాలామంది. అది నల్లబల్ల మీది రాతకు నకలు. పిల్ల సొంతంగా నాలుగు వాక్యాలు రాస్తే తప్పులు రాకుండా ఉండవు. ఆ తప్పుల కింద టీచరు ఎర్ర సిరాతో గీసి, పక్కన సరైన రూపం రాసి, మరుసటి పేజీలో పిల్ల చేత మళ్లీ రాయించిందంటే అక్కడ చదువు నడుస్తున్నట్టు.

పరీక్షల మార్కులు చూస్తే సరిపోదా అని అడిగేవారికి రెండు ఇబ్బందులు చెప్పాలి. మొదటిది, ప్రాథమిక స్థాయిలో ప్రశ్నపత్రం పంపేది పైవాళ్లయినా పరీక్ష పెట్టేదీ, దిద్దేదీ, మార్కులు యాప్‌లో ఎక్కించేదీ చాలాచోట్ల ఆ తరగతి టీచరే. తన పనికి తానే మార్కులు వేసుకోమంటే, ఆ మార్కుల మీద సమీక్షా సమావేశంలో అందరి ముందూ నిలబెడతామంటే, ఏ వృత్తిలోనైనా అంకెలు పైకే పాకుతాయి. రెండోది చిన్న బడుల లెక్క. మన పల్లెల్లో ఐదో తరగతిలో ఆరుగురే పిల్లలున్న బడులు కొత్తేమీ కాదు. నిరుడు ఆరుగురిలో ఐదుగురు భాగహారం చేయగలిగారు కాబట్టి బడికి 83 శాతం, ఈ ఏడు ముగ్గురే చేశారు కాబట్టి 50 శాతం. ఈ మధ్యలో టీచరు మారలేదు, బోధన మారలేదు, ఇద్దరు పిల్లలు మారారు, అంతే. ఇలాంటి శాతాలను పట్టుకుని బడులకు ర్యాంకులిస్తే అవి ఏటా తలకిందులవుతూనే ఉంటాయి, కిందికి పడిన బడికి మెమో, పైకి లేచిన బడికి శాలువా దక్కుతాయి.

పిల్లలు ఎక్కడి నుంచి వస్తున్నారన్నది ఇంకా పెద్ద విషయం. కర్నూలు జిల్లా పడమటి మండలాలు, కోసిగి, ఆదోని చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏటా కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు మిరప కోతలకు వలసపోతాయి. సుగ్గి అని పిలిచే ఆ రోజుల్లో తల్లిదండ్రులతో పాటు వెళ్లిపోయిన పిల్లల స్థానాలు తరగతిలో ఖాళీగా ఉంటాయి. వలస వెళ్లినవారి పిల్లల కోసం ఆ నెలల్లో నడిపే సీజనల్ హాస్టళ్లు కొందరిని ఆపగలుగుతాయి గానీ అందరినీ కాదు. ఆ ఊరి బడి మార్కులనూ, అమ్మానాన్నలు రాత్రి కూర్చోబెట్టి చదివించే పట్టణపు బడి మార్కులనూ పక్కపక్కన పెట్టి ఏది మంచి బడో తేల్చడం న్యాయం కాదు. మొదటి బడి పిల్లలను సున్నా నుంచి ముప్ఫైకి తెచ్చి ఉండొచ్చు, రెండోది అరవైతో వచ్చిన పిల్లలను అరవై ఐదు దగ్గర వదిలి ఉండొచ్చు. అమెరికాలో డాలస్ శివార్లలో ఇల్లు కొనే మనవాళ్లు ముందుగా వెబ్‌సైట్లో ఆ వీధి బడికి పదికి ఎంత రేటింగ్ ఉందో చూస్తారు. ఆ అంకెలో బడి గొప్పతనం ఎంతో, ఆ వీధిలో ఇళ్ల ధర ఎంతో విడదీయడం అంత తేలిక కాదు.

ఈ విడదీసే పనిని తెలుగు నేల మీదే ఒకసారి చాలా శ్రద్ధగా చేశారు. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 5 జిల్లాల్లో 180 గ్రామాలను తీసుకుని, ప్రభుత్వ బడి పిల్లల్లో లాటరీ తీసి, పేరు వచ్చినవారికి ప్రైవేటు బడి ఫీజు కట్టారు. చేరాలనుకున్న కుటుంబాల మధ్యే లాటరీ కాబట్టి పేరు వచ్చినవారికీ రానివారికీ ఇంటి పరిస్థితిలో తేడా ఉండదు. ఆ తర్వాత కనబడే తేడా బడిదే. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2015లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, నాలుగేళ్ల తర్వాత తెలుగులోనూ లెక్కల్లోనూ రెండు వర్గాల పిల్లల మధ్య తేడా లేదు. ప్రభుత్వ బడిలో లేని హిందీలో మాత్రం ప్రైవేటుకు వెళ్లిన పిల్లలు బాగా ముందున్నారు.

ఈ ఫలితాన్ని ఎవరికి అనుకూలంగా వారు వాడుకోవచ్చు, వాడుకున్నారు కూడా. 'చూశారా, సర్కారు బడి తీసిపోలేదు' అని ఉపాధ్యాయ సంఘాలు అనవచ్చు. నిజమే, పట్టణాల్లో అప్పులు చేసి ఫీజులు కట్టే మధ్యతరగతి దీన్ని ఒకసారి చదవాలి. కానీ అదే అధ్యయనంలో మింగుడుపడని మాటలు రెండున్నాయి. ఆ ప్రైవేటు బడులు తెలుగుకు సుమారు 40 శాతం, లెక్కలకు సుమారు 32 శాతం తక్కువ సమయం కేటాయించి, ఆ మిగిలిన సమయాన్ని ఇంగ్లీషుకూ హిందీకీ ఇతర పాఠాలకూ వాడి కూడా ఇక్కడ సమానంగా నిలిచాయి. ఒక్కో పిల్లవాడి మీద వాటి ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు కన్నా తక్కువ. అంటే ప్రభుత్వ బడిలో ఉన్న ఎక్కువ సమయం, ఎక్కువ జీతం, ఎక్కువ అర్హత, ఈ మూడూ పిల్ల చదువుగా మారే దారిలో ఎక్కడో కారిపోతున్నాయి. బడి ముందు నిలబడి గోడలు చూస్తే ఆ కన్నం కనిపించదు.

కారిపోయేవాటిలో మొదటిది సమయం. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ఐదో తరగతి వరకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలి. రోజుకు 4 గంటలన్నమాట. 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లుండాలన్నది కూడా ఆ షెడ్యూలే. ఇప్పుడు ఏకోపాధ్యాయ పాఠశాలను తలుచుకోండి. ఆ 4 గంటలను ఐదు తరగతులకు పంచితే ఒక్కో తరగతికి టీచరు ఎదురుగా ఉండేది 48 నిమిషాలు. మిగతా సమయమంతా 'మీరు ఎక్కాలు రాయండి, మీరు చదువుకోండి, మీరు గొడవ చేయకండి' అనే మాటలతో గడుస్తుంది. ఆ టీచరు సెలవు పెట్టిన రోజు పక్క బడి నుంచి ఒకరిని సర్దుబాటు చేస్తారు, చేయలేకపోతే బడి లేనట్టే. చట్టంలోని 27వ సెక్షన్ జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులు తప్ప మరే పనికీ టీచర్లను వాడకూడదని చెబుతున్నా, రోజూ తీసి పంపాల్సిన ఫొటోలు, నింపాల్సిన యాప్‌లు ఏ సెక్షన్ కిందికి వస్తాయో నాకు తెలియదు. ఆంధ్రప్రదేశ్‌లో 3, 4, 5 తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించిన 2022 నాటి 117వ జీవోను 2025లో పక్కనబెట్టి, పిల్లలు తగినంతమంది ఉన్నచోట తరగతికో టీచరుతో మోడల్ ప్రైమరీ స్కూళ్లు పెట్టాలని నిర్ణయించడం ఈ 48 నిమిషాల లెక్కను ఆలస్యంగానైనా ఒప్పుకోవడమే.

ఇక పిల్ల చదువును కొలిచే మాట. ప్రథమ్ సంస్థ 2005 నుంచి నడుపుతున్న అసర్ సర్వే బడికి వెళ్లదు, ఇంటికి వెళ్తుంది, ఎందుకంటే ఆ రోజు బడికి రాని పిల్లను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఒక్కో పిల్లను విడిగా కూర్చోబెట్టి అక్షరం, పదం, చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ చదివిస్తారు. 2024 సర్వేలో దేశవ్యాప్తంగా గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి చదువుతున్నవారిలో 23.4 శాతం మందే ఆ కథ చదవగలిగారు. 2022లో ఇది 16.3 శాతం. ఈ సర్వే జిల్లా గురించి, రాష్ట్రం గురించి చెబుతుంది గానీ మీ ఊరి బడి గురించి చెప్పదు. మీ ఊరి బడి గురించి తెలియాలంటే మీ ఊళ్లోనే వినాలి.

2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ మూడో తరగతి ముగిసేసరికి పిల్ల నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలంది. తెలంగాణ ప్రాథమిక బడుల్లో చదవడం, రాయడం, లెక్కల పునాది కోసం చేపట్టిన తొలిమెట్టు కార్యక్రమం కూడా ఈ దారిలోదే. లక్ష్యం మంచిదే గానీ తెలుగులో పదమంటే ఏమిటన్న ప్రశ్న వెంటనే వస్తుంది. 'చదువుకుంటున్నవాళ్లందరికీ' మనకు ఒక్క పదం. హిందీలో ఆ మాట చెప్పాలంటే నాలుగైదు పదాలు కావాలి. గడియారం పట్టుకుని ఇద్దరినీ ఒకే అంకెతో కొలిస్తే తెలుగు పిల్ల ఊరికే వెనకబడుతుంది. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ మూడో తరగతి పిల్లల మీద చేసిన అధ్యయనంలో 20 భాషలకు వేర్వేరు ప్రమాణాలు పెట్టడం అందుకే సరైన పని. మన భాషలో అసలు మలుపు వేగంలో లేదు, ఒత్తులో ఉంది. గుణింతం దాటి ద్విత్వం, ద్విత్వం దాటి సంయుక్తం: ఆ రెండు గట్లు ఏ నెలలో దాటిందో ప్రతి పిల్ల విషయంలోనూ చెప్పగలిగే టీచరు ఉన్న బడి మంచి బడి. 'మా తరగతి బాగానే చదువుతుంది' అని మొత్తంగా చెప్పే చోట మాత్రం వెనక వరుసలో ఎవరో ఒకరు మిగిలిపోయి ఉంటారు.

కాబట్టి నేను అడిగేది చిన్నదే. జులైలో ఒకసారి, మార్చిలో ఒకసారి, అదే స్కూల్ కాంప్లెక్స్‌లోని, అంటే ఆ చుట్టుపక్కల బడుల సముదాయంలోని, మరో బడి టీచరు వచ్చి రెండు, మూడు తరగతుల పిల్లలను ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టుకుని, వాచకంలో లేని ఒక కథా, రెండు లెక్కలూ ఇచ్చి వినాలి. పక్కన పాఠశాల యాజమాన్య కమిటీ నుంచి ఒక తల్లి కూర్చోవాలి. చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగం మంది మహిళలే అయినా, చాలా ఊళ్లలో ఆమె పని మినిట్స్ పుస్తకంలో సంతకంతో ముగుస్తోంది. తనకు చదువు రాకపోయినా ఫరవాలేదు. పిల్ల ఆగకుండా చదువుతోందా, చదివినదాన్ని తన మాటల్లో చెబుతోందా అన్నది ఏ తల్లికైనా తెలుస్తుంది.

టీచర్ల భయం కూడా నాకు తెలుసు. ఇదొక కొత్త అంకెగా మారి బదిలీ పాయింట్లలోకో చార్జి మెమోలోకో చేరితే, పక్క బడి టీచరు కూడా 'రేపు నా బడికి నువ్వే వస్తావు కదా' అన్న లెక్కతో మార్కులు వేస్తాడు. అప్పుడు మళ్లీ మొదటికే వస్తాం. అందుకే ఈ ఫలితం టీచరు సర్వీసు రికార్డు వైపు వెళ్లకూడదు. ఎక్కువమంది పిల్లలు ఒత్తుల దగ్గరే ఆగిపోయిన బడికి ముందుగా రెండో టీచరు వెళ్లాలి, వలస ఊళ్లకు సుగ్గి తర్వాత అదనపు తరగతులు వెళ్లాలి.

ఇంత పనికి తీరిక ఎక్కడిదంటారు. ఒక్కో పిల్లకు 5 నిమిషాల చొప్పున 20 మంది పిల్లలకు గంటా నలభై నిమిషాలు పడుతుంది. మొదటి గంట కొట్టగానే మొదలుపెడితే మధ్యాహ్న భోజనం గంట లోపే అయిపోతుంది.